పదము పలికిన పిల్లనగ్రోవి: తంజావూరు విశ్వనాథన్ వేణుగానము

వీణ వాయించువారు వాయించుచునే పాడవచ్చును. ఫిడేలు వాయించువారును, కొంచెము శ్రమ మీదనైనను, పాడవచ్చును. వేణువు వాయించువానికి మాత్ర మా సదుపాయము లేదు. పాటకు కావలసిన నోరే వాద్యమునకును గావలసియున్నది. ఒకదాని కిచ్చినచో రెండవదానికి లేదు. కావుననే మన కీర్తనలుగాని పదములుగాని వేణువుపై వినునప్పుడు శ్రోతకు ధాతువు దక్కునేగాని మాతువు దక్కదని సామాన్యముగా తలంచుచుందురు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు తంజావూరు విశ్వనాథన్ (1927–2002) వేణుగానము మిక్కిలి యనువైనది. కచేరి నడుమ వేణువును ఒడిలోనికి దించి సాహిత్యపంక్తిని కంఠమెత్తి పాడుట, పిదప వేణువెత్తి యా పంక్తినే వాయించుట ఆయనకు పరిపాటి. వాద్యమునకు స్వాతంత్ర్యము కోరువారి కిది లోపముగా తోచును. వేణువు తనంతట తాను చాలకపోవుటచేతనే గదా నోటితో పాడవలసివచ్చినదని వారి యాక్షేపణ. ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ఆయన పుట్టిన యింటిని, పొందిన శిక్షను, పిమ్మట చెప్పిన పాఠమును కలిపి చూచినచో ఆ పని వేఱొక రీతిగా గోచరించును.

ఆ యిల్లు వీణ ధనమ్మగారిది. ధనమ్మ (1867–1938) విశ్వనాథన్‌కు మాతామహి. జార్జిటౌనులోని తన యింట ప్రతి శుక్రవారము సాయంకాలము ఆమె వాయించు వీణను వినుటకు చెన్నపట్టణపు విద్వాంసులు చేరి నిశ్శబ్దముగా కూర్చుండెడివారు. నఖములకు మీటుడుకమ్మి తొడుగక వ్రేలికొనలతోనే మీటుట, మీటుచు సన్నని గొంతుతో తానును పాడుట ఆమె వాదనమున ప్రసిద్ధములు. ఆమె కూతురు జయమ్మ పాటకురాలు. జయమ్మ సంతానములో బాలసరస్వతి (1918–1984) నాట్యమున, రంగనాథన్ (1925–1987) మృదంగమున, విశ్వనాథన్ వేణువున పేరొందిరి. జయమ్మ చెల్లెలి కుమార్తెలగు బృంద, ముక్త యనువారల పదగానము సంగీతలోకమున కొక ప్రమాణముగా నుండెను. బాలసరస్వతి అభినయించునపుడు తానే పాడుచు అభినయించెడిది. అనగా ఆ యింట చేయి వీణ మీద నున్నను, కాలు నాట్యమున నున్నను, నోరు మాత్రము పాట విడిచి యుండలేదు. ఇట్టి యింట పుట్టినవాడు నోటిని కట్టివేయు వాద్యమునే చేపట్టుట విధివిలాసమనవలెను. వేణువును దించి పాడుటలో ఆయన కచేరి మర్యాదను దాటలేదు. ఇంటి మర్యాదను వేణువునకు వీలైన రీతిగా నిలిపికొనెను. మాతామహి యేకకాలమున చేసిన రెండు పనులను మనుమడు ఒకదాని వెంట నొకటిగా చేసెను. అంతకుమించి భేదము లేదు.

ఆ యింటి పాట ముఖ్యముగా తెలుగు పదము. చెన్నపట్టణపు అరవగడ్డ మీద తెలుగు పదమేల యను ప్రశ్నకు ప్రవాసాంధ్రులకు వేరుగ సమాధానము చెప్పనక్కఱలేదు. కృష్ణామండలమునందలి మొవ్వ గోపాలుని పేర పదములు చెప్పిన క్షేత్రయ్య 17వ శతాబ్దమున తంజావూరి విజయరాఘవనాయకుని యాస్థానమున మన్ననలందెను. 1673లో నాయకరాజ్యము పోయినది, పదము పోలేదు. మరాఠాప్రభువుల కాలమునను దానిని నిలిపినవారు ఆస్థాననర్తకులును, నట్టువనార్లును. ధనమ్మకు పదములు నేర్పిన బాలదాసు నాయుడు, ఆమెకు జావళులందిచ్చిన ధర్మపురి సుబ్బరాయరు మొదలగువారి మూలమున ఆ సంపద చెన్నపట్టణపు ఇంటికి వచ్చి చేరినది. తెలుగునేలపై కళావంతుల యిండ్లలోను పదమభినయసహితముగా నిలిచియుండెను. అయితే 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధచట్టమునకు ముందునుండియే వచ్చుచున్న యపవాదభయముచేత ఆ యిండ్లవారు నోరు మూసికొనిరి. పెద్దమనుష్యులు పదమును శృంగారమని త్రోసిపుచ్చిరి. దానిని త్రోసిపుచ్చక, సిగ్గుపడక, సభలో తలయెత్తి పాడినవారు ధనమ్మ వంశీయులు. ఈ ఋణమును తెలుగు విమర్శకులు తగినంతగా పేర్కొన్నారని చెప్పుటకు వీలులేదు. క్షేత్రయ్య సాహిత్యముమీద పుట్టిన వ్యాసములను, ఆ సాహిత్యము నేటివరకు ఏ వరుసలో బ్రతికినదో విచారించిన వ్యాసములను చెరియొక తట్టలో వేసి తూచినచో తెలియగలదు.

విశ్వనాథన్‌కు వేణువు నేర్పిన గురువు తిరుప్పాంబురము స్వామినాథ పిళ్ళె (1898–1961). ఆయనది నాగస్వర వంశము. తండ్రి నటరాజసుందరము పిళ్ళె సాత్తనూరు పంచనదయ్యరువద్ద దీక్షితుల కృతులు నేర్చి, వానిని స్వరపరచి 1936లో అచ్చు వేయించెను. ఆ పంచనదయ్యరే ధనమ్మకును గురువు. కావున బాలుడగు విశ్వనాథన్ తిరుప్పాంబురమువారి శిష్యుడగుట పరాయి యింటికి పోవుట కాలేదు. ఒక గురువునుండి చీలిన రెండు కాలువలు అతనియందు మరల కలిసినవి. నాగస్వరపు ఇంటినుండి రాగాలాపనకు కావలసిన దీర్ఘశ్వాసము, అక్షరకాలమునకు లొంగని విశాలత లభించినవి; తల్లి యింటినుండి మాట యొక్క తూకము లభించినది. స్వామినాథ పిళ్ళె వేణువిద్వాంసుడే యైనను నేర్పుటయందు గాత్రమే మూలముగా నుంచుకొనినవాడు. 1953లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనను సంగీతకళానిధిగా గౌరవించినది. ఆయన పేరు తెలుగుదేశమున నంతగా వినబడకపోవుటకు కారణము గుణలోపము కాదు, ఆర్భాటము లేకపోవుటయే.

ఇచట వేణువాద్యపు పూర్వస్థితిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. కుంభకోణము శరభశాస్త్రి (1872–1904) వేణువును కచేరి వాద్యముగా నిలిపెను. ఆయన శిష్యుడు పల్లడము సంజీవరావు (1882–1962) దానికి దేశమంతట ప్రచారము తెచ్చెను. ఆ కాలపు వాదనమున స్వరము స్వరముగా విడివిడిగా పలుకుట, జిహ్వాఘాతముతో తునియలుగా మ్రోగుట అధికమని చెప్పుదురు. పిదప తిరువిడైమరుదూరు మహాలింగము (1926–1986) వచ్చెను. పెదవిని, వ్రేళ్ళను ఆయన త్రిప్పిన తీరుతో వెదురు కంఠమైనది. జారులు, నిడుద గమకములు, దాగియున్న అనుస్వరములు వేణువులోనుండి వెలువడినవి. తరువాతి వేణువిద్వాంసులలో ఆయన జాడ పడనివారరుదు. విశ్వనాథన్ మహాలింగము కంటె నొక్క యేడు మాత్రమే చిన్నవాడు. సమకాలమున అట్టి జ్వాల మండుచుండగా తన దీపమును తాను వేఱుగ నిలుపుకొనుట సామాన్యము కాదు.

ఇరువురిని పోల్చుట విమర్శకులకు వేడుక. ఇరువురిదియు గాత్రానుసారి వాదనమేయని చెప్పి ముగించుట సులభము. కాని ఆ మాట ఏమియు చెప్పదు. గాత్రములో రెండున్నవి: నాదము, పలుకు. మహాలింగము కంఠమునందలి నాదమును వెదురులోనికి దింపెను. ఆయన రాగము నాలపించునపుడు మాట ఉన్నదో లేదో యను చింత శ్రోతకు కలుగదు, కలుగనవసరమును లేదు. విశ్వనాథన్ కంఠమునందలి పలుకును వెదురులోనికి దింపజూచెను. మొదటి పని మహిమగలది, వెంటనే మనసును హరించును. రెండవ పని నెమ్మదైనది, పాట తెలిసినవానికే తెలియును. శక్తిలో మహాలింగమునకు సాటి లేదనుట నిజము. కాని సాహిత్యమును అర్థముతో నెఱిగిన తెలుగు శ్రోతకు రెండవదానివలన కలుగు తృప్తి మొదటిదానివలన కలుగదనుటయు నిజమే.

వెదురున పలుకు నిలుచు టెట్లు? హల్లులు వేణువున పలుకవు. కకారమునకును గకారమునకును భేదము చూపగల వేణువు లేదు. అచ్చుల భేదమును లేదు. అయితే భాషకు హల్లులును అచ్చులునే సర్వస్వము కావు. తెలుగునకు మాత్ర ముఖ్యము. లఘువు, గురువు అను భేదము కాలమునకు సంబంధించినది. కాలము వేణువు చేతిలోనిది. ద్విత్వము మఱియొకటి. ‘ఎక్కడ’ అను మాటలో మొదటి యక్షరము చిన్నది, దాని వెంట ఒక క్షణము నోరు మూతపడును, పిదప కకారము విడివడును. ఆ మూతను వేణువుపై నాలుకతోగాని వ్రేలితోగాని ఊపిరి బిగింపుతోగాని తేవచ్చును. తేనిచో ‘ఎక్కడ’ కాస్త ‘ఏకడ’గా సాగిపోవును. మన మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. ఆ చివరి యచ్చును ఎంత సాగదీయవలెను, ఎచట తునుమవలెను అనునది పాడువాని యింగితమునకు వదలబడియున్నది. ఇవన్నియు వేణువున చూపదగినవే.

అన్నిటికంటె కఠినమైనది ఊపిరి. పదము చౌకకాలమున నడచును. మిశ్రచాపుగాని త్రిపుటగాని ఏడేసి అక్షరములుగా మెల్లమెల్లగా కదలును. ఒక్కొక్క మాట ఆవర్తమంత నిడివి సాగును. గాయకుడు సన్నగా ఊపిరి విడిచి యంత నిడివిని నిలుపుకొనగలడు. వేణువు ఊపిరిని త్రాగివేయు వాద్యము. నడుమ ఎచటనో ఊపిరి తీయక తప్పదు. ఎచట? సాహిత్యము తెలియని వాద్యగాడు తనకు చాలినచోట తీయును. ‘రావేమి’ యని నాయిక నిష్ఠురమాడునపుడు ‘రా’ మీద ఊపిరి తెంపినచో ఆ నిష్ఠురమే పిలుపైపోవును. వేణువున మాట వినబడదు గనుక ఎవరికిని తెలియదనుకొనుట పొరపాటు. పాట కంఠస్థమైన శ్రోత మనసులో ఆ మాట పాడుకొనుచునే యుండును. అతని మాట అచ్చట విఱుగును. విశ్వనాథన్ వాదనమున మెచ్చదగినది ఈ పదచ్ఛేదము. ఊపిరి మాట ముగిసినచోటనే ముగియును. మాట ముగియకమున్నే తీయవలసివచ్చినచో అది సమాసపు అతుకువద్ద ఒదిగియుండును. ఇది వ్రేళ్ళ విద్య కాదు. పాటను ముందు నోట నేర్చి, పిదప వెదురున కెక్కించినవానికి మాత్రమే సాధ్యము.

రాగవిషయమునను ఈ శిక్ష అక్కఱకు వచ్చినది. పదములు తఱచుగా ఆహిరి, ఘంట, ముఖారి, సురటి, సహాన వంటి రాగములలో నుండును. వీనిలో స్వరస్థానములు మెట్లవలె విడివిడిగా నిలువవు, నడుమనే ఊగుచుండును. ముఖరంధ్రము గాక ఎనిమిది రంధ్రములు గల వెదురుగొట్టమునకు ఇట్టి రాగము పరీక్షయే. రంధ్రమును సగము మూసి, వ్రేలిని దొర్లించి, ఊపిరిని తగ్గించి హెచ్చించి ఆ స్థానమును వెదకవలెను. ఆహిరిని వేణువుపై వేగముగా వాయించి తప్పించుకొనువారున్నారు. మెల్లగా వాయించి నిలిచినవారు కొలదిమంది. పదమును అనుపల్లవినుండి యెత్తుకొనుట తంజావూరి సంప్రదాయము. ధనమ్మ యింట అదే వాడుక. అనుపల్లవి సాధారణముగా పైస్థాయి నెక్కును గనుక వేణువు మొదటనే తన ప్రకాశముగల స్థాయిలో పలికి, పిమ్మట పల్లవికి దిగివచ్చును. గాత్రమునకు నాయిక మనసులోని మాట ముందు చెప్పించి, తరువాత పల్లవితో ముడివేయు యుక్తి యిది. వేణువునకు అనుకోని యుపకారమైనది.

ఇక వేణువును దించి పాడుట. విశ్వనాథన్ కంఠము వృత్తిగాయకుల కంఠము కాదు. దానికి ఆర్భాటములేదు. అయినను పదము పాడునపుడు ఆ కంఠమే శ్రేయస్కరముగా తోచును. పంక్తి యర్థము చెప్పుటకు మించి దానికి కోరిక లేదు. ఒకసారి పంక్తి పాడగా విన్న శ్రోతకు, పిదప వేణువు అదే పంక్తి వాయించునపుడు మాటలు తమంతట తామే వినబడును. తెలుగు రాని శ్రోతకు సైతము మాటల కొలతలు చెవిలో మిగులును. కీర్తనల విషయమున మాత్రము ఈ పద్ధతి అంతగా రాణించినదని చెప్పజాలము. సంగతుల బలముతో పరుగెత్తు కీర్తన నడుమ వేణువు దింపి కంఠమెత్తునప్పుడు స్థాయి మాఱి, ఊపు సడలును. మృదంగము కొంత తడబడును. జావళికిని పదమునకును చెల్లునది అన్నిటికిని చెల్లదు. ఈ విచక్షణను ఆయన ఇంకను కఠినముగా పాటించియున్నచో బాగుండెడిది.

ఒక వింత చెప్పవలెను. అరవదేశమున తెలుగు పాటలను అరవలిపిలో వ్రాసికొనుట వాడుక. ఆ లిపిలో సరళములకును మహాప్రాణములకును వేఱు అక్షరములు లేవు గనుక అక్షరముపై 2, 3, 4 అను అంకెలు వేసి గుర్తింతురు. అంకె జాఱినచో దకారము తకారమగును. చాలమంది గాయకుల తెలుగు చెడుట కిది యొక కారణము. ధనమ్మ యింట పదములు కాగితము మీదనుండి కాక నోటినుండి నోటికి వచ్చినవి. అందుచే దోషము మొత్తము తొలగిపోయినదని కాదు. మాట యొక్క నడక మాత్రము చెడలేదు. వేణువునకు వచ్చుసరికి హల్లుల దోషము వినబడనే వినబడదు, నడక మాత్రమే మిగులును. కావున అరవదేశపు గాయకునియందు తెలుగువారు లోపమెన్నునది వేణువున లేదు. మెచ్చదగినది మాత్రమే యున్నది.

1958లో విశ్వనాథన్ ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా అమెరికాలో లాస్ ఏంజెలస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. తిరిగి వచ్చి 1960ల పూర్వార్ధమున మద్రాసు విశ్వవిద్యాలయపు సంగీతశాఖకు అధ్యక్షత వహించెను. పిదప మరల అమెరికా చేరి కాలిఫోర్నియాలోను, 1975 మొదలు కనెక్టికట్ రాష్ట్రమందలి వెస్లియన్ విశ్వవిద్యాలయములోను జీవితాంతము బోధించెను. అన్నగారు రంగనాథన్ 1963లోనే వెస్లియన్ చేరి మృదంగము చెప్పుచుండెను. 1975లో రాగాలాపనను గూర్చి విశ్వనాథన్ వ్రాసిన సిద్ధాంతగ్రంథమునకు ఆ విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమిచ్చినది. ఆలాపనను ఖండములుగా విభజించి, వ్రాతలో పెట్టి, దాని నిర్మాణమును చూపుట అందలి పని. గురుకులమున నోట నేర్చినదానిని విశ్వవిద్యాలయపు కొలతలకు లొంగదీయుటలో కొంత పోవును, కొంత తేటపడును. నాగస్వరపు ఇంటి విద్యకు ఇట్టి వివరణ లభించుట మొత్తముమీద లాభమే.

కాని ఆయన బోధనలో ప్రధానము గ్రంథము కాదు, పాట. వేణువు నేర్వవచ్చినవారికిని మొదట పాడుటయే పాఠము. అట్లు పాడుట నేర్చినవారిలో జాన్ హిగ్గిన్స్ (1939–1984) తెలుగువారికిని ఎఱుకపడినవాడు. విశ్వనాథన్, రంగనాథన్‌ల శిష్యుడై, చెన్నపట్టణమునకు వచ్చి ధనమ్మ వంశపు పాట నేర్చి, 1965లో తిరువయ్యారు త్యాగరాజారాధనమున పాడి ‘భాగవతార్’ అనిపించుకొనెను. అతని తెలుగు ఉచ్చారణ పుట్టు తెలుగువారి ఉచ్చారణ కాకపోవచ్చును. కాని మాటను మాటగా పట్టుకొని, అర్థమెఱిగి, చౌకకాలమున తొట్రుపాటు లేక పదము పాడుట అతనికి అబ్బినది. ఆ నేర్పు గురువుది. తెలుగు తల్లిభాష కాని గురువు, తెలుగక్షరమెఱుగని శిష్యునకు, సముద్రముల కావల తెలుగు పదము నేర్పెను. నేర్చినవాడు వచ్చి తెలుగువారు నిండిన సభలో పాడెను. ఇందు గర్వింపదగినది తెలుగువారికి కొంత కలదు. సిగ్గుపడదగినదియు కొంత కలదు.

ఆయన అమెరికాలో స్థిరపడుట మన సంగీతమునకు నష్టమా యను ప్రశ్న తఱచుగా వచ్చును. నష్టమే. చెన్నపట్టణపు మార్గశీర్షపు కచేరీలలో ఏటేట వినబడవలసిన వేణువు అరుదుగా వినబడినది. ఆ కారణముననే వేణువునందు మహాలింగ మార్గమొక్కటియే దేశమంతట వ్యాపించినది. తిరుప్పాంబురపు మార్గము కొలదిమందిలో మిగిలినది. మార్గమునకు నిత్యము వినుట ఆధారము. ఏ యేటికో వచ్చి వెళ్ళు విద్వాంసుని చూచి కుఱ్ఱవారు శైలి మార్చుకొనరు. అయితే ఇచటనే యుండినచో ఆయనకు తగిన యాదరము లభించెడిదా యనునది వేఱు ప్రశ్న. వేగమును మెచ్చు సభలో అరగంట ఆహిరి వాయించువానికి ఎన్ని కచేరీలు దొరకును? 1992లో అమెరికా ప్రభుత్వపు కళాసంస్థ ఆయనకు జాతీయ వారసత్వ పురస్కార మిచ్చినది. ఒక పరదేశము తన సంప్రదాయకళాకారులకిచ్చు గౌరవమును తెలుగు పదము పలికిన వేణువున కిచ్చినది.

2002లో ఆయన కీర్తిశేషుడైన పిమ్మట 2004లో, శిష్యుడు మాథ్యూ ఆలన్‌తో కలిసి దక్షిణదేశ సంగీతమును గూర్చి వ్రాసిన పుస్తకము వెలువడెను. అది కళాశాలలలో చదువు కుఱ్ఱవారికొఱకు సులభముగా వ్రాసినది. ఇక పదముల పని మిగిలియున్నది. ధనమ్మ యింట నిలిచిన పదముల వరుసలను, కళావంతుల యిండ్ల వృద్ధస్త్రీలనుండి సేకరింపబడిన వరుసలను ప్రక్కప్రక్కన నుంచి, ఒక్కొక్క మాట ఎచట సాగుచున్నదో, ఎచట తెగుచున్నదో, అనుపల్లవి యెచటినుండి యెత్తుకొనుచున్నారో పోల్చి చూచినచో క్షేత్రయ్య చెవికి వినబడిన పదమేదో కొంత తెలియవచ్చును. దానికి వేణువు ధ్వనిముద్రికలను సైతము లెక్కలోనికి తీసికొనవలెను. హల్లుల రొద లేని ఆ వెదురున మాటల కొలత తేటగా కనబడును.